అప్‌డేట్ అయ్యాక పాత యాప్ ఎందుకు మొరాయిస్తుంది?

చిరంజీవులకు ఆశీస్సులు.

ఫోన్‌లో కొత్త ఆండ్రాయిడ్ వచ్చాక, అంతవరకు బాగా ఆడిన గేమ్ మొరాయిస్తోందనీ, అసలు అప్‌డేట్ చేయకుండా ఉండాల్సిందనీ రాశారు. తప్పు అప్‌డేట్ మీద వేసేముందు లోపల ఏం మారిందో తెలుసుకోండి.

ఆండ్రాయిడ్ ప్రతి యాప్‌కూ ఒక విడి యూజర్ నంబర్ ఇస్తుంది. ఒకే ఇంట్లో వేర్వేరు వాటాల్లో అద్దెకున్నవాళ్లలాగా, ఒకరి గదిలోకి ఇంకొకరు పోవడానికి వీల్లేదు. బ్యాంకు యాప్ దాచుకున్నది గేమ్‌కు కనపడదు. చిక్కంతా ఉమ్మడిగా ఉన్నవాటితోనే: కాంటాక్టులు, మైకు, కెమెరా, లొకేషన్, ఫోటోలు.

ఒకప్పుడు యాప్ వేసుకునేటప్పుడే, వీటిలో ఏవేవి వాడుకోవడానికి దానికి అనుమతి కావాలో పెద్ద చిట్టా చూపించేవారు. ఒప్పుకుంటే అన్నిటికీ ఒప్పుకోవాలి, లేదా యాప్ వద్దనుకోవాలి. ఆ చిట్టా చదివినవాళ్లెందరు! వెలుతురు కోసం వేసుకున్న ఒక టార్చి యాప్, మనుషులు ఎక్కడున్నారో ప్రకటనల వాళ్లకు చేరవేస్తోందని 2013లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్య తీసుకుంది. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 ఈ పద్ధతిని మార్చింది. అవసరం పడ్డప్పుడే అడగాలి, మనం కాదంటే ఊరుకోవాలి.

మరి పాత యాప్‌లకు అలా అడగడం తెలియదు కదా? అందుకే ప్రతి యాప్ లోపలా, తనను ఏ ఆండ్రాయిడ్ కోసం తయారుచేశారో చెప్పే ఒక అంకె ఉంటుంది. టార్గెట్ ఎస్‌డీకే అంటారు. ఆండ్రాయిడ్ 6కు అది 23. అంతకంటే తక్కువుంటే ఫోన్ ఆ యాప్‌ను పాత నియమాలతోనే నడవనిచ్చేది. దొంగ యాప్‌లు చేసేవాళ్లు ఈ వెసులుబాటునే పట్టుకున్నారు. కొత్తగా చేసిన యాప్‌కూ కావాలని 22 వేసి, ఇన్‌స్టాల్ అవుతూనే అనుమతులన్నీ కొట్టేశారు. 2023లో ఆండ్రాయిడ్ 14 దీనికి అడ్డుకట్ట వేసింది. 23 కంటే తక్కువ అంకె ఉన్న యాప్‌ను కొత్తగా ఎక్కించుకోనివ్వదు. ముందే ఫోన్‌లో ఉంటే మాత్రం తీసేయదు. కాబట్టి విసుగొచ్చి పాత గేమ్‌ను తీసేశారంటే మళ్లీ ఎక్కకపోవచ్చు, మీరు దాటిన లెవెల్స్ కూడా దాంతోపాటే పోవచ్చు. ముందు ప్లే స్టోర్‌లో దానికి అప్‌డేట్ ఉందేమో చూడండి.

ఒక్కోసారి యాప్ బాగానే ఉంటుంది, అనుమతే పోతుంది. నెలల తరబడి తెరవని యాప్ నుంచి అనుమతులను ఆండ్రాయిడ్ 11 తనంతట తానే వెనక్కి తీసుకోవడం మొదలుపెట్టింది. ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్ పంపాలన్నా అడగాలి. స్కూల్ యాప్ నుంచి మెసేజ్‌లు రావట్లేదంటే సెట్టింగ్స్‌లో దాని పర్మిషన్స్ తెరిచి చూడండి.

ఇక ఉచితంగా కాయిన్లు ఇస్తామనే 'మాడ్' గేమ్‌ల సంగతి. అసలు గేమ్ మీద దాని తయారీదారు డిజిటల్ సంతకం ఉంటుంది. మార్చిన గేమ్ సంతకం వేరు కాబట్టి దాన్ని అప్‌డేట్‌గా ఫోన్ ఒప్పుకోదు. అసలుది తీసేసి ఇది వేసుకోమని ఎవరైనా చెబితే వినకండి.

నాకు ఎక్కువ దిగులు మీ అమ్మానాన్నల ఫోన్ల గురించే. పెళ్లి శుభలేఖ అనో, ట్రాఫిక్ చలానా అనో వాట్సాప్‌లో ఒక ఫైల్ వస్తుంది. పేరు చివర చుక్క పెట్టి ఏపీకే అని ఉంటే అది శుభలేఖ కాదు, యాప్. శుభలేఖ ఫోటోగానో, పీడీఎఫ్‌గానో, వీడియోగానో వస్తుంది. తెరిస్తే ఎస్సెమ్మెస్‌లు చదవనివ్వమంటుంది, ఓటీపీల కోసం. ఆపైన యాక్సెసిబిలిటీ ఆన్ చేయమంటుంది. చూపులేనివాళ్లకు స్క్రీన్ చదివిపెట్టడానికి, వాళ్ల బదులు నొక్కడానికి ఉన్న సదుపాయమది. దొంగ చేతిలో పడితే బ్యాంకు యాప్‌లో వాడే నొక్కగలడు. అందుకే ఆండ్రాయిడ్ 13 నుంచి ఇలా బయటినుంచి వచ్చిన యాప్‌లకు ఆ స్విచ్ మసకబారి, నొక్కినా పడదు. 'రిస్ట్రిక్టెడ్ సెట్టింగ్' అని వస్తుంది. దాన్ని తీసేయడం ఎలాగో అవతలివాడు ఫోన్లో ఓపిగ్గా చెబుతాడు. అమ్మ మిమ్మల్నే పిలిచి 'ఇది కాస్త ఆన్ చేసిపెట్టు నాన్నా' అంటుంది. మీకు వచ్చు కాబట్టి చేసిపెట్టాలనిపిస్తుంది. చేయకండి. ఆ ఫైల్ తెలిసినవాళ్ల నంబర్ నుంచి వచ్చి ఉంటే, వాట్సాప్‌లో కాకుండా మామూలుగా ఫోన్ చేసి వాళ్లనే అడగండి. వాళ్ల వాట్సాప్ కూడా దొంగల చేతిలో ఉండొచ్చు.

ఒకవేళ అప్పటికే ఆన్ చేసేసి ఉంటే, అమ్మను కోప్పడకుండా ముందు ఆ ఫోన్‌లో నెట్ ఆపండి. ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకూ, సైబర్ నేరాల నంబర్ 1930కీ వెంటనే చెప్పండి.

ఉంటాను.
మీ తాతయ్య