సాలగ్రామం పుట్టిన సముద్రం

సాలగ్రామాన్ని మన ఇళ్లలో పంచామృతాలతో అభిషేకించి, తుడిచి, జాగ్రత్తగా సంపుటంలో పెడతారు. అది నేపాల్‌లోని గండకీ నదిలో దొరికే నల్లరాయి. దానిలోని చక్రం ఒకప్పటి సముద్రజీవి గుల్ల. ఆ జీవి పేరు అమ్మొనైట్. గండకికి వాయవ్యంగా వందల కిలోమీటర్ల దూరాన, హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్-స్పితి జిల్లాలోనూ అలాంటి రాళ్లే ఉన్నాయి.

సుమారు 14 వేల చదరపు కిలోమీటర్ల జిల్లా అది. 2011 లెక్కల్లో జనాభా 31,564 మాత్రమే. అక్కడ లాంగ్జా అనే చిన్న ఊరు దాదాపు 4,400 మీటర్ల ఎత్తున ఉంది. ఆ చుట్టుపక్కల కనిపించే నల్లటి రాతిపొరలకు భూగర్భ శాస్త్రంలో స్పితి షేల్ అని పేరు. వాటిలో గుండ్రటి రాతి ఉండలుంటాయి. ఒకటి పగిలితే లోపల పొట్టేలు కొమ్ములా మెలితిరిగిన గుల్ల, దాని మీద వరసగా గాడులు. వయసు దాదాపు 15 కోట్ల ఏళ్లు!

చూడ్డానికి నత్తలా ఉన్నా అమ్మొనైట్ ఆక్టోపస్‌కి చుట్టం. పెరిగేకొద్దీ ముందు కొత్త గది కట్టుకుంటూ, వెనకది మూసేసుకుంటూ పోయేది. మూసిన గదుల్లోంచి సన్నని గొట్టంతో నీటిని లాగేసి, వాటిని వాయువుతో నింపి తేలేది. చచ్చాక అడుగు బురదలోకి దిగేది. అక్కడ ఆక్సిజన్ తక్కువ కాబట్టి గుల్ల చుట్టూ ఖనిజాలు పేరుకుని గట్టి ఉండలా మారేందుకు వ్యవధి దొరికింది. ఆ సముద్రమే టెథిస్. సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట మన భూఖండం ఉత్తరానికి జరిగి ఆసియాను ఢీకొన్నప్పుడు, ఆ సముద్రపు అడుగు ముడుతలు పడి పైకి లేచింది.

నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచేది ఆ తర్వాత జరిగింది. అలా లేచిన కొండలే నైరుతి మేఘాలకు అడ్డం పడ్డాయి. వాన దక్షిణపు వాలుల మీదే కురిసిపోయి, వెనకున్న స్పితి ఎండిపోయింది. అందుకే అక్కడ 996లో కట్టిన తాబో బౌద్ధారామం ఇప్పటికీ నిలిచి ఉంది. అది రాతి కట్టడం కాదు, మట్టి ఇటుకలది. ప్రధాన మందిరంలో ముప్పైకి పైగా మట్టి విగ్రహాలు గోడల్లోంచి ముందుకు వచ్చి కూర్చున్నట్టుంటాయి. వాటి కింద వెయ్యేళ్ల నాటి రంగుల చిత్రాలున్నాయి. కోస్తాలో ఇలాంటి మట్టిగోడలు నాలుగు తుఫాన్లకైనా ఆగుతాయా?

స్పితిలో ఇంటికప్పులు కూడా మట్టివే. దూలాల మీద కొమ్మలు పరిచి పైన మట్టి కప్పుతారు. రాయలసీమలో చౌడు పోసిన మట్టిమిద్దె ఎక్కినవాళ్లకి ఇది కొత్త కాదు. సీమకు పడమటి కనుమలు అడ్డం, స్పితికి హిమాలయాలు అడ్డం.

1975 జనవరి 19న వచ్చిన కిన్నౌర్ భూకంపం తాబోను బాగా దెబ్బతీసింది. అయినా పాత మందిరం నిలబడింది. దానికి అసలు భయం నీటితోనే. కప్పులోంచి కారిన నీటి చారలు కొన్ని చిత్రాల మీదుగా కిందికి జారి ఉన్నాయి. మంచు పడితే పారతో తోసేయొచ్చు. వాన మాత్రం పడ్డచోటే మట్టిలోకి ఇంకిపోతుంది.