కోనీ మాక్ స్టార్లని ఎందుకు అమ్మేశాడు? అపోహలు, వాస్తవాలు

కోనీ మాక్ అంటే అమెరికాలో ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్ అనే బేస్‌బాల్ టీమ్‌కి యజమాని, మేనేజర్; 1930లలో తన స్టార్ ఆటగాళ్ళని ఒక్కొక్కరిగా అమ్మేశాడని ఇప్పటికీ జనం తిడతారు. బేస్‌బాల్ టీమ్‌ల జమాఖర్చులు చూడటమే నా పని, అందుకే ఆ పెద్దాయన్ని తిడుతుంటే నాకు మనసు చివుక్కుమంటుంది.

అపోహ: మాక్ పిసినారి, బంగారం లాంటి టీమ్‌ని అమ్ముకుతిన్నాడు.

వాస్తవం: ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్ 1929, 1930 వరల్డ్ సిరీస్‌లు (అమెరికా బేస్‌బాల్ ఛాంపియన్‌షిప్ ఫైనల్) గెలిచింది, 1931లో ఆఖరి మెట్టు మీద ఓడింది. 1929లో వాళ్ళ ఆటలకి దాదాపు 8 లక్షల 39 వేల మంది వచ్చారు, 1933కి వచ్చేసరికి 3 లక్షలు కూడా లేరు, గ్రేట్ డిప్రెషన్‌లో, అంటే ఆ మహా ఆర్థిక మాంద్యంలో, ఉద్యోగం పోయినవాడు టికెట్ ఎక్కడ కొంటాడు? ఇప్పటి ఐపీఎల్ టీమ్‌కైతే స్టాండ్స్ ఖాళీగా ఉన్నా టీవీ హక్కుల వాటా వస్తుంది, అప్పట్లో గేటు దగ్గర టికెట్ తెగితేనే డబ్బులు. పైగా అక్కడి చట్టం ప్రకారం ఆదివారం మ్యాచ్ పెట్టకూడదు, 1934 దాకా అంతే, అంటే జనానికి తీరికుండే రోజే గ్రౌండ్‌కి తాళం! జీతాలు మాత్రం ఛాంపియన్ల జీతాలు.

అపోహ: ట్రేడ్ అంటే ఆటగాడికి ఆటగాడు.

వాస్తవం: ఇవి పేరుకే ట్రేడ్‌లు, అసలు సరుకు క్యాష్. 1932లో అల్ సిమన్స్‌తో కలిపి ముగ్గురు లక్ష డాలర్లకి చికాగో వైట్ సాక్స్‌కి వెళ్ళారు. 1933 డిసెంబర్‌లో మిక్కీ కాక్రేన్ లక్షకి డెట్రాయిట్‌కి, లెఫ్టీ గ్రోవ్ ఇంకో ఇద్దరితో కలిసి 1,25,000కి బోస్టన్‌ రెడ్ సాక్స్‌కి. ఆ బోస్టన్ ఓనర్ టామ్ యాకీది వారసత్వంగా వచ్చిన ఆస్తి, గేటు డబ్బుల మీద బతికేవాడు కాదు, అందుకే అందరూ కష్టాల్లో ఉంటే ఆయన కొనుక్కుంటూ పోయాడు. 1934లో వాషింగ్టన్ ఓనర్ క్లార్క్ గ్రిఫిత్ అయితే వరసకి ఇంటల్లుడైన జో క్రోనిన్‌నే రెండు లక్షల డాలర్లకి పైగా తీసుకుని ఆయనకి అమ్మేశాడు.

అపోహ: ఆటగాళ్ళే డబ్బుకి ఆశపడి వెళ్ళిపోయారు.

వాస్తవం: వాళ్ళని అడిగిందెవరు! కాంట్రాక్ట్‌లో రిజర్వ్ క్లాజ్ అనే షరతు ఉండేది, టీమ్ వదిలితే తప్ప ఆటగాడు కదలడానికి లేదు, అది 1975లో గానీ సడలలేదు.

అపోహ: అమ్మాక అప్పులు తీరాయి, టీమ్ కుదుటపడింది.

వాస్తవం: ఇక్కడే నాకు మాక్ మీద బాధ. మొదటి అమ్మకం తప్పలేదు, ఒప్పుకుంటా, కానీ స్టార్ పోతే జనం తగ్గారు, జనం తగ్గితే ఇంకో స్టార్‌ని అమ్మాల్సి వచ్చింది. 1935లో టీమ్ అట్టడుగుకి పడింది, ఆ డిసెంబర్‌లోనే జిమ్మీ ఫాక్స్‌ కూడా బోస్టన్‌కే. 1938లో ఫాక్స్ అక్కడ 50 హోమ్ రన్‌లు (మన క్రికెట్‌లో సిక్సర్ లాంటివి) కొట్టాడు, ఆ ఏడాది ఫిలడెల్ఫియా మళ్ళీ ఆఖరి స్థానం.