శ్వాసనాళంలో ట్యూబ్ వేసే ముందు ఆక్సిజన్: అపోహలు, వాస్తవాలు

హైదరాబాద్‌లో మత్తు వైద్యుడిగా అత్యవసర విభాగానికి వెళ్లినప్పుడల్లా, "సార్, సాచురేషన్ నూరు చూపిస్తోంది, ట్యూబ్ వేసేద్దామా?" అనే ప్రశ్న వింటూ ఉంటాను. సాచురేషన్ అంటే రక్తం ఎంత శాతం ఆక్సిజన్‌తో నిండి ఉందో చెప్పే అంకె.

అపోహ: సాచురేషన్ 100 ఉంటే రోగి సిద్ధమైనట్టే.

వాస్తవం: ఆ అంకె రక్తంలోని ఆక్సిజన్ గురించి చెబుతుందే తప్ప, ఊపిరితిత్తుల్లోని నిల్వ గురించి చెప్పదు. మత్తుమందు, కండరాలను సడలించే మందు ఇచ్చాక శ్వాస ఆగిపోతుంది. ట్యూబ్ పడేదాకా ఆ నిల్వే రోగికి ఆధారం. ఊపిరి వదిలిన తరువాత కూడా పెద్దవారి ఊపిరితిత్తుల్లో సుమారు 2.5 లీటర్ల వాయువు మిగిలి ఉంటుంది. మామూలు గాలి పీల్చేవారిలో అందులో అధికభాగం నైట్రోజనే కాగా, శరీరం నిమిషానికి దాదాపు 250 మిల్లీలీటర్ల ఆక్సిజన్ ఖర్చు చేస్తుంది కనుక, ఆ నిల్వ చూస్తుండగానే అడుగంటుతుంది. కనీసం 3 నిమిషాలు శుద్ధ ఆక్సిజన్ పీల్పించి నైట్రోజన్‌ను వెళ్లగొడితే, ఆరోగ్యవంతులకు 8 నిమిషాల దాకా వ్యవధి దొరకవచ్చు. స్థూలకాయులకు, గర్భిణులకు, న్యుమోనియా ముదిరినవారికి అంత వ్యవధి ఉండదు, మన ముందుకు వచ్చేది ఎక్కువగా వారే.

అపోహ: సంచి ఉన్న మాస్కుకు నిమిషానికి 15 లీటర్ల ఆక్సిజన్ పెడితే పూర్తి ఆక్సిజన్ అందినట్టే.

వాస్తవం: ఆయాసపడే రోగి అంతకన్నా వేగంగా గాలి లాగుతాడు, మాస్కు అంచుల సందుల్లోంచి గదిలోని గాలి కలిసిపోతుంది. ఆక్సిజన్ ప్రవాహాన్ని నియంత్రించే ఫ్లోమీటరును చివరిదాకా తిప్పితే కొంత మేలు. తల వైపు మంచాన్ని 20 డిగ్రీలు ఎత్తడం ఖర్చులేని ఉపాయం, అయినా తరచూ మరచిపోతాం.

అపోహ: బైపాప్ వంటి యంత్రంతో, బిగుతైన మాస్కు ద్వారా ఒత్తిడితో ఆక్సిజన్ ఇస్తే కడుపులోనివి ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

వాస్తవం: ఈ భయం నాకూ ఉండేది. 2024లో వెలువడిన ప్రీఆక్సి అధ్యయనం అమెరికాలోని 1,301 మంది రోగుల్లో ట్యూబ్ వేసే ముందు మామూలు మాస్కుతో, ఒత్తిడితో ఆక్సిజన్ ఇచ్చే పద్ధతులను పోల్చింది. సాచురేషన్ 85 కన్నా దిగువకు పడిపోవడం మాస్కు పెట్టినవారిలో 18.5 శాతం, ఒత్తిడితో ఇచ్చినవారిలో 9.1 శాతం, కడుపులోనివి ఊపిరితిత్తుల్లోకి పోయిన ఘటనలు ఒత్తిడి పద్ధతిలో పెరగలేదు. మూసుకుపోయిన గాలిగదులను ఒత్తిడి తెరిచి ఉంచుతుంది కనుక, యంత్రం అందుబాటులో ఉంటే నేను మొదట దానినే ఎంచుకుంటాను. అయితే వాంతులవుతున్నవారిని, రక్తం కక్కుతున్నవారిని ఆ అధ్యయనంలో చేర్చలేదు. అలాంటి రోగికి తల ఎత్తి, నోట్లోని ద్రవాలను లాగేసే సక్షన్ గొట్టం చేతికందేలా ఉంచుకుని, బిగుతుగా మాస్కు పెట్టడమే ఇప్పటికీ నా పద్ధతి.