‘ఏను’ ఎలా ‘నేను’ అయింది?

‘మేము’కీ ఉర్దూ ‘మై’కీ చుట్టరికం ఉందా? ‘నేనొస్తున్న’, ‘మై ఆతా హూఁ’ రెండూ ఒకే నోట వినిపించే హైదరాబాద్‌లో ఈ ప్రశ్న సహజమే. చుట్టరికం లేదు. సర్వనామాలు మరీ పొట్టి మాటలు, ఒక అక్షరం కలవడం కాకతాళీయం. విభక్తి రూపాలన్నీ పక్కపక్కన పెట్టి చూడాలి: మాకు, మమ్మల్ని ఒకవైపు, ముఝే, మేరా ఇంకోవైపు. పోలిక లేదని అక్కడే తేలిపోతుంది. పైగా ‘మై’ ఏకవచనం. అయితే ‘నేను’, ‘మై’ కర్త స్థానానికి చేరిన దారి మాత్రం ఒకటే, అదే అసలు అద్భుతం.

నన్నయ భాషలో ‘ఏను’ కనిపిస్తుంది. అదే పాత రూపం. తమిళ ‘యాన్’, పాత కన్నడ ‘ఆన్’ దాని తోబుట్టువులు. మరి ‘నేను’కు మొదటి నకారం ఎక్కడిది? ‘నా’ నుంచి. తమిళంలో ‘నా’కు సాటి మాట ‘ఎన్’. తెలుగులో వర్ణవ్యత్యయం జరిగింది: ముందున్న అచ్చు హల్లును దాటి వెనక్కి వెళ్ళి, అక్కడి అచ్చులో కలిసిపోయింది. తమిళంలో అవన్, ఇవన్, ఉళ్, ఇరండు ఉన్నచోట మనకు వాఁడు, వీఁడు, లో, రెండు ఉన్నది ఇందుకే. ‘వాఁడు’లోని అరసున్న పాత నకారపు ఆనవాలు. దాన్ని ఉత్త అలంకారంలా దాటేసే పాఠం పిల్లలకు అన్యాయం చేస్తుంది.

ఇక నన్ను, నాకు, నాతో, నాది... ఇన్ని నకారాల మధ్య ‘ఏను’ ఒంటరిదైంది, వాటి వరవడిలో ‘నేను’గా మారింది. మా, మాకు పక్కన ‘ఏము’ మేము అయింది. మీ, మీకు పక్కన ‘ఈరు’ మీరు అయింది. ‘నీవు’ను ఈ వరసలో కలపకూడదు. దాని నకారం ద్రావిడ భాషలన్నిటికీ తల్లి అయిన మూలద్రావిడం నాటిదే, తమిళంలోనూ ‘నీ’ ఉంది.

ఇంగ్లీషు ‘యూ’ కూడా ఒకప్పుడు కర్మే. కర్త ‘యీ’. 16వ శతాబ్దంలో యూ దాని చోటు ఆక్రమించింది.

ఉర్దూలో కర్తను ఇలా మార్చే పని భూతకాలం చేసింది. సంస్కృతంలో కర్త ‘అహమ్’. ‘మయా’ అంటే నాచేత. ప్రాకృతాల్లో జరిగిపోయిన పనిని ‘నాచేత చదవబడింది’ అనే తీరులోనే చెప్పడం మామూలైంది. పనిచేసినవాడు ఎప్పుడూ ‘మయా’ వేషంలోనే కనబడేసరికి, అది అరిగి ‘మై’ అయి, అన్ని కాలాల్లోనూ కర్తగా స్థిరపడింది. అహమ్ వారసుడు ‘హౌఁ’ వ్రజభాషలో మిగిలాడు. ‘మై’లో ‘చేత’ ఉందన్న సంగతి మరుగునపడ్డాక, భూతకాలంలో మళ్ళీ ‘నే’ తగిలించి ‘మైనే’ అన్నారు. మన హైదరాబాదీ ఉర్దూ, అంటే దక్కనీ, ఆ ‘నే’ను చాలాచోట్ల వదిలేస్తుంది.