తాళం వేసే ముందు ఒత్తిడి దించండి

సంక్రాంతికి హైదరాబాద్ సగం ఖాళీ అవుతుంది. విజయవాడ హైవే మీద పంతంగి టోల్‌గేటు దగ్గర కార్లు బారులు తీరే ఆ రెండు మూడు రోజుల్లోనే కూకట్‌పల్లి నుంచి వనస్థలిపురం దాకా వరసగా తలుపులకు తాళాలు పడతాయి. వెళ్ళేవాళ్ళ బెంగంతా దొంగ గురించే. అందులో తప్పేమీ లేదు. కానీ దొంగ ఆ వీధిలోకే రాకపోయినా, తాళం వేసిన ఇంట్లో మూడు మాత్రం పనిచేస్తూనే ఉంటాయి: పైపుల్లో నీటి ఒత్తిడి, సిలిండర్‌లో గ్యాస్ ఒత్తిడి, వైర్లలో 230 వోల్టుల కరెంటు. మనం ఇంట్లో ఉంటే చుక్క కారినా, వాసన వచ్చినా, ప్లగ్గు వేడెక్కినా నిమిషాల్లో పసిగడతాం. పది రోజులు ఊరెళ్తే ఆ పసిగట్టే మనిషే ఉండడు.

ఎక్కువమంది మర్చిపోయేది నీళ్ళ సంగతి. పది మీటర్ల ఎత్తున ఉన్న నీరు దాదాపు ఒక బార్ ఒత్తిడి పెడుతుంది. ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో ట్యాంకు టెర్రస్ మీద ఉంటుంది కాబట్టి మొదటి అంతస్తు కుళాయిల మీద రాత్రీ పగలూ ఒకటిన్నర బార్ దాకా పడుతూనే ఉంటుంది. గోడలోని పైపు దానికి తట్టుకుంటుంది. తెగేవి చివరి అడుగున్నరలోనే ఉంటాయి: వాష్‌బేసిన్ కింది కనెక్షన్ పైపు, వాషింగ్ మెషిన్ వెనక పైపు, ఆర్‌ఓకి వెళ్ళే సన్న ప్లాస్టిక్ ట్యూబు, కమోడ్ పక్కన హెల్త్ ఫాసెట్ పైపు. ఈ ఆఖరిది మరీ మోసం చేస్తుంది. చేతిలోని మీట వదలగానే నీళ్ళు ఆగుతాయి కాబట్టి కట్టేశాం అనుకుంటాం. నిజానికి గోడ దగ్గరి యాంగిల్ కాక్ తెరిచే ఉంటుంది, పైపు పొడవునా పూర్తి ఒత్తిడి నిలిచే ఉంటుంది. పైన మెరిసే స్టీలు అల్లిక బాగానే కనిపిస్తుంది, లోపలి గొట్టం ఎండి పగిలి ఉంటుంది. అది తెగి నిమిషానికి పది లీటర్లు పోయాయనుకుందాం. వెయ్యి లీటర్ల ట్యాంకు రెండు గంటల్లోపే ఖాళీ. మోటారుకి ఆటోమేటిక్ లెవెల్ కంట్రోలర్ ఉంటే ఇంకా ఘోరం: సంపులో ఉన్నంతసేపూ అది నింపుతూనే ఉంటుంది, మీ హాల్లోంచి కింది ఫ్లాటు సీలింగులోకి దిగుతూనే ఉంటుంది.

దీనికి మందు ఒక్కటే, ఫ్లాటుకి వచ్చే మెయిన్ వాల్వు కట్టేయడం. అది బాత్రూం షాఫ్టులోనో, యుటిలిటీ గోడ మీదో, టెర్రస్ మీద ట్యాంకు దగ్గరో ఉంటుంది. ప్రయాణానికి వారం ముందే ఒకసారి తిప్పి చూడండి. బోరు నీళ్ళ ఉప్పు పేరుకుని, ఏళ్ళ తరబడి తిప్పని పాత గేట్ వాల్వు బిగుసుకుపోతుంది. పానా పట్టి బలవంతం చేస్తే స్పిండిల్ విరుగుతుంది, అప్పుడు వాల్వు తెరుచుకోదు, మూసుకోదు. ప్లంబర్‌ని పిలిచి దాని బదులు పావు తిప్పుతో మూసుకునే బాల్ వాల్వు పెట్టించుకోవడం మేలు. వాల్వు కట్టాక ఒక కుళాయి విప్పండి. పైపుల్లో మిగిలిన ఒత్తిడి దిగిపోతుంది, వాల్వు పరీక్ష కూడా అయిపోతుంది: మిగిలిన నీళ్ళు దిగిపోయాక కూడా సన్నని ధార ఆగలేదంటే వాల్వు పూర్తిగా పట్టడం లేదన్నమాట. ఆ కుళాయి మళ్ళీ కట్టేయడం మాత్రం మర్చిపోవద్దు. మీరు లేనప్పుడు ఎవరైనా పొరపాటున వాల్వు విప్పితే ఇల్లు చెరువే.

వేసవి సెలవులకు వెళ్ళేవాళ్ళకి ఇంకో చిక్కుంది. బాత్రూం జాలీ కింద ట్రాప్‌లో రెండంగుళాల లోతున నీళ్ళు నిలిచి, డ్రైనేజీ వాసననీ బొద్దింకలనీ అడ్డుకుంటాయి. ఏప్రిల్, మే నెలల పొడి వేడికి ఆ నీళ్ళు ఆవిరైపోతాయి, ముఖ్యంగా వాడని గెస్ట్ బాత్రూంలో. బయల్దేరే ముందు ఒక మగ్గు నీళ్ళు పోసి, పైన రెండు చెంచాల వేరుశెనగ నూనె వేస్తే నూనె పొర ఆవిరిని ఆపుతుంది. కొబ్బరి నూనె వద్దు, అది 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది కాబట్టి చలికాలంలో జాలీలో ముద్దగా కూర్చుంటుంది. వానాకాలం ప్రయాణమైతే చూసుకోవలసింది బాల్కనీ నీళ్ళు పోయే రంధ్రం. నాలుగు ఎండుటాకులు, ఒక పాలకవరు అడ్డం పడితే చాలు, కుండపోత వాన గడప దాటి లోపలికొస్తుంది. 2020 అక్టోబరు వరద చూసినవాళ్ళకి సెల్లార్‌లో బండి పెట్టి వెళ్ళవద్దని వేరే చెప్పనక్కర్లేదు.

ఇక గ్యాస్. స్టవ్ నాబ్ కట్టేస్తే చాలదు, ఎందుకంటే అప్పుడు రెగ్యులేటర్ నుంచి స్టవ్ దాకా రబ్బరు పైపంతా గ్యాస్ నిండే ఉంటుంది. ఎల్పీజీ గాలి కంటే దాదాపు రెట్టింపు బరువు, నేల మీద పరుచుకుంటుంది. గాలిలో రెండు శాతం కలిస్తే చాలు, అంటుకుంటుంది. ఎనిమిదడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు ఉన్న వంటగదిలో సుమారు 18 ఘనపు మీటర్ల గాలి పడుతుంది. అందులో రెండు శాతం గ్యాస్ అంటే బరువులో కిలో కూడా కాదు. నిండు సిలిండర్‌లో ఉండేది 14.2 కిలోలు. పైగా గ్యాస్ అడుగునే చేరుతుంది కాబట్టి నేల దగ్గర ఆ రెండు శాతానికి కిలో దాకా కూడా అక్కర్లేదు. ఇంట్లో ఎవరూ లేరు కదా, నిప్పెక్కడిది అంటారేమో. ఫ్రిజ్ థర్మోస్టాట్ ఆన్ అయ్యేటప్పుడు, ఆఫ్ అయ్యేటప్పుడు లోపల చిన్న నిప్పురవ్వ రావచ్చు. అది చాలు.

అందుకే రెండు రోజుల ప్రయాణమైనా రెగ్యులేటర్ తీసేసి, సిలిండర్ మూతికి దారంతో కట్టి ఉండే ప్లాస్టిక్ మూత బిగించాలి. తీశాక మూతిలో సబ్బు నీళ్ళ చుక్క వేసి చూడండి, బుడగలు వస్తే లోపలి వాల్వు సరిగా మూసుకోనట్టే. అలాంటి సిలిండర్‌ని ఇంట్లో ఉంచి తాళం వేయకూడదు, ఏజెన్సీకి గానీ 1906కి గానీ ఫోన్ చేయాలి. పైప్డ్ గ్యాస్ ఉన్న ఇళ్ళలో మీటరు పక్కనున్న వాల్వు కట్టాలి. అది మీథేన్, గాలి కంటే తేలిక, సీలింగు కిందికి చేరుతుంది.

కరెంటు దగ్గర చాలామంది చేసే పని మెయిన్ దించేసి నిశ్చింతగా వెళ్ళిపోవడం. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో అది బ్యాటరీని చంపే పని. మెయిన్ దించితే ఇన్వర్టర్‌కి తెలిసేది ఒక్కటే, కరెంటు పోయిందని. వెంటనే అది బ్యాటరీ నుంచి ఇస్తూ పోతుంది. రౌటరూ, టీవీ సెట్‌టాప్ బాక్సూ, దేవుడి గదిలో చిన్న బల్బూ కలిసి ఒకటి రెండు రోజుల్లో దాన్ని అడుగంటా పీల్చేస్తాయి. అలా ఖాళీగా పడి ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ పలకల మీద సల్ఫేటు గట్టిపడుతుంది, మళ్ళీ పూర్తిగా ఛార్జి కాదు. కాబట్టి ముందు బ్యాటరీ నిండా ఛార్జి చేసి, డిస్టిల్డ్ వాటర్ గీత దాకా పోసి, ఇన్వర్టర్‌ని దాని స్విచ్చుతోనే ఆపాలి. మెయిన్ ఆ తర్వాత.

ఎమ్‌సీబీ, అంటే కరెంటు మితిమీరితే దానంతటదే పడిపోయే స్విచ్చు, ఉంది కదా అని టీవీ, గీజర్ ప్లగ్గులు వదిలేయకండి. అది ఎక్కువ కరెంటుని పట్టుకుంటుంది గానీ ఎక్కువ వోల్టేజీని కాదు. అపార్ట్‌మెంట్‌కి వచ్చే మూడు ఫేజుల సరఫరాలో న్యూట్రల్ తెగితే కొన్ని ఫ్లాట్లకి 230 బదులు 400కి దగ్గరగా కూడా రావచ్చు. ఆ క్షణాన గోడ నుంచి బయటికి తీసి ఉన్న ప్లగ్గు ఒక్కటే భద్రం. ఫ్రిజ్ నడవాలంటే దాని ఎమ్‌సీబీ ఒక్కటి ఉంచి మిగతావి దించండి. ఫ్రీజర్‌లో ఒక గ్లాసు నీళ్ళు గడ్డకట్టించి పైన రూపాయి బిళ్ళ పెట్టండి. తిరిగొచ్చేసరికి బిళ్ళ పైనే ఉంటే సరే. అడుగున ఉంటే మధ్యలో అంతా కరిగి మళ్ళీ గడ్డకట్టిందని అర్థం, చేపా మాంసమూ పారేయాల్సిందే.

దోమల గురించి చెప్పేటప్పుడు మన ఊరికి ఓ ప్రత్యేకత ఉంది. దోమ లోపల మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనుక్కున్నది ఇక్కడే, సికింద్రాబాద్‌లో. మనకిప్పుడు ఎక్కువ చికాకు డెంగీ దోమతో. గుడ్డు నుంచి దోమ కావడానికి దానికి వారం పది రోజులు చాలు, అంటే సరిగ్గా మీ సెలవులన్ని రోజులు. కూలర్ తొట్టి, కుండీల కింది పళ్ళేలు, ఫ్రిజ్ వెనక ట్రే వంచేయండి. తొట్టి గోడలు పీచుతో రుద్దండి, ఎందుకంటే అంటుకున్న గుడ్లు ఎండినా నెలల తరబడి బతికే ఉంటాయి.

దొంగ ఇల్లు ఎంచుకునేది బయట కనిపించేవాటిని బట్టే. ముగ్గు లేని వాకిలి, గ్రిల్లులో ఇరుక్కున్న పాంప్లెట్లు, పట్టపగలు వెలుగుతున్న వరండా బల్బు, వీటన్నిటికంటే గట్టిగా చెప్పేది గుమ్మానికి వేలాడే పెద్ద తాళంకప్ప. దాన్ని పగలగొట్టడం అరుదు, గడియనే పెకలిస్తారు. రెండడుగుల రాడ్డుని రెండంగుళాల దగ్గర ఆనిస్తే తోసిన బలం పదకొండు రెట్లవుతుంది, అంగుళం స్క్రూలు చెక్కలోంచి ఊడొస్తాయి. స్క్రూల బదులు తలుపుకి ఆరపార బోల్టులు వేసి నట్లు లోపలివైపు బిగించండి. లోపలి తలుపుకి బయటికి కనిపించని లాక్ వేసి, గ్రిల్లుకి తాళంకప్ప లోపలివైపు వేలాడదీయండి. వాచ్‌మన్‌కో పక్కింటి పిన్నిగారికో చెప్పి వాకిలి ఊడ్పించండి, పేపరూ పాలూ ఆపించండి, దగ్గరి పోలీస్ స్టేషన్‌లో చెప్పి వెళ్ళండి. టైమర్ స్విచ్చుతో తొమ్మిది వాట్ల బల్బు రాత్రి ఐదు గంటలు వెలిగినా పది రోజులకి అర యూనిట్ కాదు. కెమెరా నమ్ముకున్నవాళ్ళు రౌటర్‌కి చిన్న యూపీఎస్ పెట్టుకోవాలి, లేకపోతే కరెంటుతో పాటే కెమెరా కన్నూ మూసుకుంటుంది. బంగారం లాకర్‌లోనే నయం. అయితే 2022 జనవరి నుంచి ఉన్న రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం చోరీ, అగ్నిప్రమాదం వంటివి జరిగితే బ్యాంకు బాధ్యత ఏటా కట్టే అద్దెకి వంద రెట్ల వరకే. రెండు వేల అద్దె లాకర్‌కి రెండు లక్షలు.

తిరిగొచ్చినప్పుడు ముందు వాసన చూడండి, స్విచ్చు తర్వాత. గ్యాస్ వాసన వస్తే లైటు వేయకూడదు, వెలుగుతున్నది ఆపకూడదు, తలుపులూ కిటికీలూ బార్లా తీసి బయటికి వచ్చి ఫోన్ చేయాలి. ఏ వాసనా లేకపోతే వాల్వు మెల్లగా విప్పి, కుళాయిలు రెండేసి నిమిషాలు వదలండి. ఆర్‌ఓ ట్యాంకులో మిగిలిన నీళ్ళు తాగకుండా వంచేయండి. గీజర్ స్విచ్చు వేసేది మాత్రం వేడినీళ్ళ కుళాయిలో గాలి బుడగలు ఆగి నీళ్ళు నిండుగా వచ్చాకే.