చీకటి ఆకాశంలో ఆకుపచ్చ దీపాలు

చిరంజీవులు పెద్దబాబుకు, బుజ్జమ్మకు,

బందరు నుంచి తాతయ్య ఆశీస్సులు. ఇక్కడ నేనూ మీ అమ్మమ్మా క్షేమం. మోకాళ్ల సంగతి మాత్రం అడగకండి.

కార్తీక పౌర్ణమి నాడు కృష్ణ ఒడ్డున మీరు తీసిన ఫోటో మీ అమ్మ పంపింది. కింద ఎడమవైపు నీళ్లలో అరటి దొప్పల దీపాలు, వాటిని వదులుతూ వంగిన అమ్మ, పైన కుడివైపు నల్లటి ఆకాశంలో వరుసగా ఆకుపచ్చ చుక్కలు. బుజ్జమ్మ అవి దయ్యాలంటోందట. పెద్దబాబు ఫోను పాడైందంటున్నాడట, కొత్తది కొనాలంటున్నాడట. ఈ రెండో మాట వెనక ఉన్న ఎత్తుగడ నాకు తెలియనిది కాదు.

నలభై ఏళ్లు ఫోటో స్టూడియో నడిపినవాణ్ణి కనుక తీర్పు నేనే చెబుతాను. ఫోను బాగానే ఉంది. దయ్యం మాట సగం నిజం. మా వృత్తిలో ఆ చుక్కలకు పేరే ఘోస్టులు. ఎదురుగా ఉన్న వెలుతురు లెన్సులో దూరి చేసే అల్లరి మొత్తాన్ని ఫ్లేర్ అంటారు. మా స్టూడియోలో అంత పేరు పెట్టేవాళ్లం కాదు, ‘లైటు కొట్టింది’ అనేసి ఊరుకునేవాళ్లం.

నా మాట నమ్మక్కర్లేదు, రుజువు చూడండి. ఫోటోను ఎదురింటి కుర్రాడి చేత కాగితం మీద ప్రింటు తీయించాను. మూల నుంచి మూలకు రెండు పెన్సిలు గీతలు గీస్తే నడిమి చుక్క దొరికింది. స్కేలు తీసుకుని మొదటి దీపం మీద పెట్టి, నడిమి చుక్క మీదుగా అవతలికి గీత లాగాను. దాదాపు అంతే దూరంలో ఒక ఆకుపచ్చ చుక్క. రెండో దీపానికి ఇంకొకటి. మూడోదానికీ అంతే. ఏడు దీపాలకు ఏడు చుక్కలు. అమ్మ దీపాలను కొడవలిలాంటి వంపులో వదిలింది కదా, ఆకాశంలో చుక్కలదీ అదే కొడవలి, కాకపోతే తలకిందులుగా ఉంది. అంచులు కత్తిరించకుండా పంపబట్టి ఈ లెక్క కుదిరింది. కత్తిరించి ఉంటే అసలు నడిమి ఎక్కడో తెలిసేది కాదు.

ఇంట్లోనూ చేసి చూడవచ్చు. చీకటి గదిలో దీపం వెలిగించి ఫోను పట్టుకోండి. ఫోనును మెల్లగా ఒక పక్కకు తిప్పితే దీపం తెర మీద ఎటు జరుగుతుందో, చుక్క దానికి ఎదురు దిక్కుకు జరుగుతుంది. ఆకాశంలో నిజంగా ఏదైనా ఉంటే అలా ఆడుతుందా?

ఇక ఇది ఎందుకు జరుగుతుందంటారా. రాత్రి బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే బయటి పొలాలకు బదులు మన ముఖమే కనిపిస్తుంది కదా. గాజు వెలుతురును పూర్తిగా తనలోంచి పోనివ్వదు. మామూలు గాజు అయితే ఒక్కో ముఖం నూటికి సుమారు నాలుగు పాళ్లు వెనక్కి కొడుతుంది. పగలు కూడా కొడుతుంది, కానీ బయటి వెలుగులో అది మునిగిపోతుంది. రాత్రి బయటంతా చీకటి కనుక ఆ నాలుగు పాళ్లే మన ముఖమై కూర్చుంటాయి. మీ చుక్కలు నల్లటి ఆకాశంలో పడ్డాయి కాబట్టి కనిపించాయి. అమ్మ చీర అంచు మీద పడి ఉంటే ఎవరూ గమనించేవారు కాదు.

లెన్సు అంటే ఒక్క అద్దం అనుకుంటారు గానీ కాదు. ఫోనులో ఆ శనగగింజంత దానిలో కూడా ఆరో ఏడో చిన్న కటకాలు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. ఆరు అనుకుందాం. ఒక్కోదానికి రెండు ముఖాలు, మొత్తం పన్నెండు. ఒక ముఖం మీద తగిలి వెనక్కి వచ్చిన వెలుగు ఇంకో ముఖం మీద తగిలి మళ్లీ ముందుకు పోవచ్చు. పన్నెండు ముఖాలకు అలాంటి జంటలు 66. పెద్దబాబూ, 12ను 11తో హెచ్చవేసి రెండుతో భాగించు, సరిపోతుందో లేదో. ఇది చాలదన్నట్టు చివర బొమ్మ పడే సెన్సారు కూడా మెరుస్తుంది. అది వెనక్కి కొట్టిన వెలుగు ముందున్న గాజును తాకి మళ్లీ దాని మీదే పడి రెండో బొమ్మ కడుతుంది. మీ తలకిందుల దీపాలు ఇలా వచ్చినవే.

పెద్ద కెమెరాలకు ఈ బాధ పాతది. 1896లో జర్మనీలోని జైస్ సంస్థలో పౌల్ రుడాల్ఫ్ ప్లానార్ అనే లెన్సును రూపొందించారు. బొమ్మ పదును గొప్పగా ఉండేది. కానీ గాలికి తగిలే గాజు ముఖాలు ఎనిమిది ఉండడంతో ఎదురు వెలుతురుకు తట్టుకోలేకపోయింది. తర్వాత 1902లో ఆయన చేతుల మీదుగానే ఆరు ముఖాల టెస్సార్ వచ్చింది. జనం దాన్నే కొన్నారు, ప్లానార్ చాలాకాలం మూలన పడింది. రెండు ముఖాల తేడాకే ఇంత కథ!

దీనికి మందు ఎక్కడ దొరికిందో వింటే నవ్వొస్తుంది. 1886లో లార్డ్ రేలీ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త పాత గాజు ముక్కలను పరీక్షిస్తుంటే, ఏళ్ల తరబడి గాలి తగిలి కాస్త మసకబారినవి కొత్తవాటికన్నా ఎక్కువ వెలుతురును లోపలికి పోనిస్తున్నాయని తేలింది. పైన ఏర్పడ్డ పలచటి పొర చేసిన పని అది. 1935లో జైస్‌లోనే పనిచేసే అలెగ్జాండర్ స్మకులా ఆ పొరను కావాలని పూసే పద్ధతికి పేటెంటు తీసుకున్నారు. అంత ఉపయోగమైనదాన్ని జర్మనీ సైన్యం రహస్యంగా దాచుకుంది.

ఆ పూత మందం ఎంతనుకున్నారు? మెగ్నీషియం ఫ్లోరైడు పూత అయితే మిల్లీమీటరులో పదివేలవ వంతు. పూత పై ముఖం నుంచి వెనక్కి వచ్చే తరంగమూ కింది ముఖం నుంచి వచ్చేదీ ఒకదానికొకటి ఎదురుపడి చల్లారిపోతాయి. ఎదురుపడేలా మందాన్ని ఆకుపచ్చ రంగుకు సరిపెడితే, ఎరుపు, నీలం కాస్త తప్పించుకుని బయటికి వస్తాయి. బీరువాలో ఉన్న నా కెమెరా లెన్సును పక్కకు వంచి చూస్తే నేరేడు పండు రంగు మెరుస్తుంది కదా బుజ్జమ్మా, అది గాజు రంగు కాదు, ఆ పూతకు దొరకకుండా వచ్చిన వెలుగు. ఇప్పుడు ఇలాంటి పొరలు అనేకం పూస్తున్నారు, నూటికి నాలుగు పాళ్లు కాస్తా అర పాలుకో అంతకన్నా తక్కువకో దిగింది. అయినా సున్నా కాలేదు. చిమ్మచీకటిలో దీపం ముందు అర పాలు కూడా ఎక్కువే.

ఘోస్టులు నాకు పెద్ద శత్రువులు కావు. కనబడతాయి, దొరికిపోతాయి. నేను భయపడేది రెండో రకానికి. దానికి ఆకారం ఉండదు. దారి తప్పిన వెలుతురు బొమ్మ అంతటా పలచగా పరుచుకుంటుంది, నలుపు బూడిద రంగవుతుంది, బొమ్మ మీద పాలతెర కట్టినట్టు ఉంటుంది. దాని చేతిలో నేను ఒకసారి ఘోరంగా దెబ్బతిన్నాను. మీ అమ్మకు కూడా చెప్పలేదు, మీకు చెబుతున్నాను.

నేను స్టూడియో పెట్టిన కొత్త. మాఘమాసంలో ఒక పెళ్లి. తెల్లవారుజామున ముహూర్తం అయిపోయాక డాబా మీద అందరినీ నిలబెట్టి గ్రూపు ఫోటో తీయమన్నారు. అప్పుడు నా దగ్గర ఉన్నది రెండు కళ్ల కెమెరా, రీలుకు పన్నెండు ఫోటోలు. పై లెన్సు మనం చూసుకోవడానికి, కింది లెన్సు బొమ్మ తీయడానికి. వాళ్ల వెనక, కాస్త పక్కగా, అప్పుడే లేచిన సూర్యుడు. పై లెన్సులో చూస్తే పెళ్లికూతురి జడ చుట్టూ బంగారు అంచు, ఎంత బాగుందో! పన్నెండూ ఆ ఆనందంలోనే నొక్కాను. ఎండ నేరుగా కింది లెన్సు మీద పడుతోందన్న సంగతి పై లెన్సు నాకెలా చెబుతుంది? కింది లెన్సుకు హుడ్డు, అంటే పక్క ఎండ పడకుండా ముందు బిగించే తొడుగు, కూడా పెట్టలేదు. అది సంచిలోనే ఉంది.

ఆ రాత్రి డార్క్‌రూములో ప్రింటు ట్రేలో తేలుతుంటే గట్టి నలుపు కోసం చూస్తూ నిలబడ్డాను. రాలేదు. పెళ్లికొడుకు నల్ల కోటు బూడిద రంగులో ఉంది, ముఖాలన్నీ మజ్జిగలో ముంచి తీసినట్టున్నాయి. గట్టి కాంట్రాస్టు కాగితం మీద వేసి చూశాను, జడలు నల్లబడ్డాయి గానీ ముఖాలు సున్నం కొట్టినట్టయ్యాయి. మూడో రోజు పెళ్లికూతురి తండ్రి వచ్చి ఆల్బమ్ తిప్పి చూసి, తిట్టలేదు. “ఆ పొద్దున మంచు బాగా పట్టిందా బాబూ?” అన్నారు. “అవునండి, బాగా పట్టింది” అన్నాను. మాఘమాసం కదా, నమ్మారు. డబ్బు కూడా పూర్తిగా ఇచ్చారు. అది తీసుకున్నప్పటి నుంచి హుడ్డు లేకుండా ఇల్లు కదలలేదు నేను.

కాబట్టి ముందు ఈ పాలతెర సంగతి చూసుకోండి. సూర్యుడు ఫోటోలో లేకపోయినా, పక్క నుంచి లెన్సు మీద ఎండ పడితే చాలు, తెర కడుతుంది. అలాంటప్పుడు ఫోనును కుడిచేత్తో పట్టుకుని, ఎడమ అరచేతిని సూర్యుడి వైపు, లెన్సుకు జానెడు దూరంలో గొడుగులా పట్టండి. ఫోను తెర చూస్తూ చేతిని మెల్లగా దించండి. ఒక చోటికి రాగానే బొమ్మ ఒక్కసారిగా తేటపడుతుంది, నలుపు నలుపవుతుంది. చేతి నీడ సరిగ్గా లెన్సు మీద పడిందన్నమాట. చెయ్యి బొమ్మలోకి రాకుండా అక్కడే ఆపి నొక్కండి. పెద్ద కెమెరా హుడ్డు చేసే పని కూడా ఇంతే. ఈమధ్య పెళ్లిళ్లలో చూస్తుంటాను, కొందరు కుర్రాళ్లు హుడ్డును తిరగేసి లెన్సుకు బిగించి అలాగే ఫోటోలు తీస్తున్నారు. గొడుగు మడిచి చంకలో పెట్టుకుని ఎండలో నడిచినట్టు.

సూర్యుడు ఫోటోలోనే ఉండాలనుకుంటే చేతి నీడ పనికిరాదు. అప్పుడు కొబ్బరి చెట్టు మాను వెనకో, గోపురం అంచు వెనకో, మనిషి తల వెనకో సూర్యుణ్ణి దాచి, మీరు అర అడుగు అటూ ఇటూ జరుగుతూ చూడండి. ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను: ఫోను తెర చూస్తే ఫరవాలేదు గానీ, నా పాత కెమెరాలో కన్ను పెట్టి చూసే గాజు కిటికీలోంచి సూర్యుణ్ణి చూడవద్దు. లెన్సు ఎండను పోగుచేసి కంట్లో పెడుతుంది. ఈ విషయంలో నేను ముద్దు చేయను.

రాత్రి దీపాల దగ్గర ఇంకో ఉపాయం. దీపాన్ని ఫోటోకు సరిగ్గా నడిమికి తీసుకోండి. చుక్క నడిమి మీదుగా అవతలికి కదా పోయేది, దీపమే నడిమిలో ఉంటే చుక్క దాని వెనకే దాక్కుంటుంది. లేదా ఫోనును కాస్త వంచి, చుక్క గోడ మీదో చీర మీదో పడేలా చూసుకోండి. పెద్ద కెమెరా ముందు రక్షణకని బిగించే చదును అద్దం ఉంటుంది, రాత్రిపూట దాన్ని తీసి జేబులో వేసుకోవాలి. ఘోస్టులకు అంతకన్నా అనువైన చోటు లేదు.

అన్నిటికన్నా ముందు లెన్సు తుడవండి! బుజ్జమ్మ కొబ్బరినూనె రాసుకున్న చేతుల్తో ఫోను పట్టుకుంటుందని నాకు తెలుసు. నూనె వేలితో లెన్సును నిలువుగా ఒకసారి రుద్ది వీధి దీపాన్ని చూడండి, వెలుగు అడ్డంగా చార కడుతుంది. అడ్డంగా రుద్దితే చార నిలువుగా వస్తుంది. ఆడుకున్నాక మెత్తటి పాత పంచె ముక్కతో తుడిచేయండి. దుమ్ము ముందు ఊదాలి, ఊదకుండా రుద్దితే గీతలు పడతాయి. గీతలు పడ్డ లెన్సుకూ, మా బందరు సముద్రపు తేమకు బూజు పట్టిన లెన్సుకూ ఎండ పడిందంటే పాలతెరే. నావి రెండు అలాగే పోయాయి.

పెద్దబాబు అడగబోయేది నాకు తెలుసు: ఇదంతా ఎందుకు తాతయ్యా, ఫోనులో తర్వాత చెరిపేయవచ్చు కదా అని. చుక్కలైతే చెరపవచ్చు, చక్కగా పోతాయి. పాలతెర కింద మునిగిన నీడల వివరం మాత్రం పూర్తిగా తిరిగి రాదు, లాగే కొద్దీ బొమ్మ రవ్వరవ్వగా అవుతుంది.

అలాగని ఎప్పుడూ తుడిచేయాల్సిన తప్పే అనుకోకండి. మంగినపూడి బీచిలో సూర్యుడు సముద్రంలోంచే లేస్తాడు. ఆ వెలుగుకు ఎదురుగా వల లాగుతున్నవాళ్లను తీసిన ఫోటో మా హాల్లో ఉంది కదా, దాని మీద తెర ఉంది, నేను కావాలనే ఉంచాను. ఆ పొద్దున కళ్లు చికిలించి చూస్తే నాకు అలాగే కనిపించింది. ఎండలేని ఫోటోకు ఫోనులో ఎండ మరకలు అంటించుకునేవాళ్లంటే మాత్రం నాకు చిరాకు. ముఖం మీద నీడ ఒకవైపు, మరక ఇంకోవైపు ఉంటాయి, ఇట్టే దొరికిపోతారు.

గీతలు గీసిన కాగితం ఈ ఉత్తరంతోనే పెడుతున్నాను. బుజ్జమ్మా, నీకొక పని. ఏడు చుక్కలకు ఏడు దీపాలు చెప్పాను కదా. వాటికి పైన, కుడి మూలకు దగ్గరగా ఎనిమిదోది ఒకటుంది. అది ఆకుపచ్చగా లేదు, తెల్లగా ఉంది. దాని నుంచి నడిమి చుక్క మీదుగా గీత లాగితే ఉత్త నల్లటి నీళ్ల మీదికి వచ్చి ఆగింది, అక్కడ ఏ దీపమూ లేదు. స్కేలు పెట్టి నువ్వూ ఒకసారి చూడు. ఆ ఫోటో ఎన్ని గంటలకు తీశారో, ఏ దిక్కుకు తిరిగి తీశారో రాయండి. ఆ వేళకు ఆ వైపు ఏ గ్రహం ఉందో పంచాంగంలో చూస్తాను.

మీ
తాతయ్య