అంజలీదేవి వెళ్లిన దారి: నాటకానికి ఆడవాళ్లు ఎందుకు కరువయ్యారు

విశాఖలో నాటిక పోటీలు చూసేవాళ్లకు ఇది అలవాటైన సంగతే. మొదటి నాటికలో తల్లిగా ఏడ్చిన నటే, ఇంకాసేపటికి మరో నాటక సమాజం తరఫున కోడలై స్టేజీ ఎక్కుతుంది. రిహార్సల్స్‌కి ఆమె దొరికేది ఆఖర్లోనే. మగ వేషాలకు పోర్టు, స్టీల్‌ప్లాంట్, బ్యాంకు ఉద్యోగులు సొంత డబ్బు పెట్టుకుని మరీ వస్తారు. ఆడ వేషానికి మాత్రం పారితోషికం, దారి ఖర్చులు ఇచ్చి బయటి ఊరి నుంచి పిలిపించుకోవాలి. "అమ్మాయిలు ముందుకు రావట్లేదండీ" అని సమాజాల వాళ్లు అంటూనే ఉంటారు. ఎందుకు రావట్లేదో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

తెలుగు నాటకంలో ఆడ వేషాలు చాలాకాలం మగవాళ్లే కట్టారు. సత్యభామ అయినా, మధురవాణి అయినా స్థానం నరసింహారావుదే పేరు. 1885లో మొదలైన సురభి నాటకాల వాళ్లది వేరే దారి. కుటుంబమే కంపెనీ కాబట్టి వాళ్ల ఆడవాళ్లు ధైర్యంగా ఆడారు. మిగతాచోట్ల నాటకాల్లోకి వచ్చిన ఆడమనిషిని లోకం మంచి చూపు చూడలేదు.

సినీనటి అంజలీదేవి 1927లో పెద్దాపురంలో పుట్టారు. 1936లోనే హరిశ్చంద్ర సినిమాలో లోహితాస్యుడి వేషం వేసినా, ఆమెను నటిగా తయారుచేసింది కాకినాడ నాటక రంగమే. అక్కడి యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ మామూలు క్లబ్బు కాదు, నాటకాలాడే క్లబ్బు; నటుడు ఎస్.వి. రంగారావు కూడా అక్కడినుంచి వచ్చినవారే. సంగీతం కట్టే ఆదినారాయణరావు పరిచయమైందీ నాటకాల వల్లే, తర్వాత ఆయన్నే పెళ్లి చేసుకున్నారు. దర్శకుడు సి. పుల్లయ్య 'గొల్లభామ' (1947)లో వేషం ఇవ్వడంతో మద్రాసు దారి తెరుచుకుంది. 'కీలుగుర్రం' (1949)లో రాక్షసి, 'అనార్కలి' (1955)లో ప్రేమికురాలు, 'లవకుశ' (1963)లో సీత. రాక్షసిగా చూసిన జనమే సీతగా చూసి దణ్ణాలు పెట్టారంటే, ఆ నటనకు వేరే సర్టిఫికెట్ అక్కర్లేదు. భర్తతో కలిసి అంజలీ పిక్చర్స్ పెట్టి నిర్మాత కూడా అయ్యారు. 1992లో 'బృందావనం'లో బామ్మగా కనిపించారు. 2014 జనవరిలో చెన్నైలో కన్నుమూశారు.

ఆమె నాటకం వదిలి సినిమాల్లోకి వెళ్లిపోవడంలో తప్పేమీ లేదు. నాటకం ఆమెకు ఏమివ్వగలదు? 1932లో తెలుగు టాకీ వచ్చాక, జీతాలిచ్చి ఊరూరా తిప్పే నాటక కంపెనీలు క్రమంగా చితికిపోయాయి. మిగిలింది ఔత్సాహిక సమాజాలే. పగలు ఆఫీసు, రాత్రి రిహార్సల్ అన్న ఈ పద్ధతి నిలబడింది మగవాళ్ల నెలజీతం మీద. ఆ రోజుల్లో ఎంతమంది ఆడవాళ్లకు అలాంటి జీతం ఉంది? ఉద్యోగం ఉన్నవాళ్లకైనా సాయంత్రం ఇంటిపని తప్పుతుందా? 'కళాసేవ' అని మనం గొప్పగా చెప్పుకునేదాన్ని చేయగలిగే వీలు మగవాళ్లకే ఉండేదని ఒప్పుకోవడానికి నాటకాల వాళ్లు ఇప్పటికీ కాస్త ఇబ్బంది పడతారు.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రంగస్థల కళల విభాగం ఉంది. అయితే చదువుకున్నాక బతుకుతెరువు కావాలంటే హైదరాబాదు సీరియళ్లూ, సినిమాలే దిక్కు. ఇక్కడి సమాజాలు కనిపెట్టిన ఉపాయం మాత్రం ఒకటే: రచయిత కలం పట్టకముందే, ఆడ పాత్ర ఒక్కటి మించకుండా రాసిపెట్టమని అడగడం.